కంటిచూపు – స్త్రీపురుష భేదము

సంతలో ఎద్దును కొనబోవు రైతు దాని పండ్లు చూచును, గిట్టలు చూచును, నాలుగడుగులు నడిపించి చూచును, పిమ్మట కంటియెదుట చేయి ఆడించి చూపు సరిగా నున్నదో లేదో కనుగొనును. గ్రుడ్డియెద్దును తెలిసి కొనువాడు లేడు. ఇంత జాగ్రత్తగల మన గృహస్థులలో తమ యింటివారి కండ్లను ఏడాదికొకమాఱైనను పరీక్ష చేయించువారు మిక్కిలి తక్కువ. అందును, ఇంటి యజమానికి చూపు మందగించినచో ఆసుపత్రికి పోవుట కలదు గాని, ఇల్లాలికి గాని ముసలితల్లికి గాని మందగించినచో "వయస్సు వచ్చినది, ఏమి చేయుదుము" అని యూరకుండుట తఱచుగా కనబడుచున్నది. కంటిజబ్బులు ఆడువారికిని మగవారికిని ఏయే విధముల వేఱుగా వచ్చునో, అందులకు కారణములేవో, ఈ విషయమున సహకారసంఘ సభ్యులు చేయదగిన పని యేదో ఈ వ్యాసమున వివరించెదను.

లెక్కలు తెలుపునది

2020వ సంవత్సరమునకు వేసిన అంచనాలను బట్టి ప్రపంచమున 4 కోట్ల 33 లక్షలమంది అంధులు కలరు. అందు 2 కోట్ల 39 లక్షలమంది, అనగా నూటికి 55గురు, స్త్రీలు. బొత్తిగా గ్రుడ్డివారు కాకున్నను చూపు బాగుగా తగ్గినవారు 29 కోట్ల 50 లక్షలమంది యుండిరి. వారిలోను నూటికి 55గురు స్త్రీలే.

మన ప్రాంతపు సంగతియు వేఱుగా లేదు. 1996 మొదలు 2000 వఱకు హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థవారు, హైదరాబాదు నగరమునందును, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, మహబూబునగరు జిల్లాలలోని గ్రామములయందును 10,293 మందిని పరీక్షించిరి. నూటికి 1.84 వంతున అంధత్వము కలదని తేలినది. ముదిమి, పేదరికము, పల్లెటూరి నివాసము, స్త్రీగా పుట్టుట, ఈ నాలుగింటితోను అంధత్వము హెచ్చుచున్నట్లు ఆ పరీక్షలు తెలిపినవి. ఈ నాలుగును ఒక్కచోట కూడిన మనిషి యెవరు? మన పల్లెలోని పేదయింటి ముసలమ్మయే. అయితే ఆ పరీక్షలలోనే సంతోషింపదగిన మాటయు నొకటి కలదు. అంధులలో నూటికి 60 మంది శుక్లముచేత గాని, తగిన కండ్లజోడు లేకపోవుటచేత గాని చూపు లేనివారు. అనగా సులభమైన చికిత్సతో మఱల చూడగలవారు.

2015 మొదలు 2019 వఱకు దేశమంతట జరిగిన పరీక్షలలో 50 ఏండ్లు నిండినవారియందు నూటికి 1.99 వంతున అంధత్వము కనబడినది. అందు మూడింట రెండుపాళ్లు శుక్లము వలన కలిగినదే.

స్త్రీలు పురుషులకంటె కొన్నేండ్లు హెచ్చుగా బ్రతుకుదురు గనుక ముసలితనపు కంటిజబ్బులు వారిలో హెచ్చుగా నుండుట సహజమే యని కొందఱు చెప్పవచ్చును. అది కొంతవఱకు నిజము. కాని ఒకే వయస్సు గల స్త్రీపురుషులను పోల్చి చూచినను ఈ భేదము పూర్తిగా పోవుట లేదు. కావున వేఱు కారణములు వెదకవలసి యున్నది.

విత్తనము, పొలము

పంట పాడైనపుడు రైతు రెండు ప్రశ్నలు వేసికొనును. దోషము విత్తనమునందున్నదా, లేక భూమియందును సాగుబడియందును ఉన్నదా యని. ఇక్కడను అట్లే ఆలోచింపవలెను. స్త్రీపురుషుల కంటిజబ్బులలోని భేదములు రెండు తెగలు. మొదటిది దేహమునకు సంబంధించినది. కంటి నిర్మాణము, రక్తమున ప్రవహించు గ్రంథిరసములు, తలిదండ్రులనుండి సంక్రమించు గుణములు దీనిలో చేరును. రెండవది ఆచారమువలన ఏర్పడినది. ఎవరు ఏ పని చేయుదురు, ఎవరు ముందు భుజింతురు, డబ్బు ఎవరిచేత నుండును, ఆసుపత్రికి పోవుటకు ఎవరి అనుమతి కావలెను అనునవి ఇందులోనివి. విత్తనపు గుణమును మనము మార్చలేకపోవచ్చును గాని సాగుబడిని మార్చుకొనుట మన చేతిలోనే యున్నది.

శుక్లము

కంటిపాప వెనుక అద్దమువంటి స్వచ్ఛమైన బిళ్ల యొకటి కలదు. వెలుతురు దానిగుండ లోనికి పోయి కంటి వెనుక తెఱపై పడును. వయస్సు మీఱినకొలది ఆ బిళ్ల పాలుకలిసిన నీటివలె మసకబాఱును. ఇదియే శుక్లము. దీనిని కఱగించు చుక్కలమందు గాని, పసరు గాని, కాటుక గాని లేదు. మసకబాఱిన బిళ్లను తీసివేసి దాని స్థానమున కృత్రిమమైన బిళ్లను అమర్చుటయే చికిత్స. కన్ను మొద్దుబాఱునట్లు మందు వేసి చేయుదురు గనుక శస్త్రచికిత్సలో నొప్పి యంతగా తెలియదు. చాలమంది ఆ దినముననే ఇంటికి పోగలరు.

"శుక్లము పండవలెను, పండినపిమ్మట తీయించుకొందము" అను మాట పల్లెలలో నింకను వినబడుచున్నది. పూర్వపు చికిత్సాపద్ధతులనుబట్టి పుట్టిన మాట యిది. ఇప్పుడు అట్లు వేచియుండ నక్కఱలేదు. పని చేసికొనుటకు చూపు చాలనపుడే తీయించుకొనవచ్చును. శుక్లము మామిడికాయ కాదు. మితిమీఱి ముదిరినచో కంటిలోని యొత్తిడి పెరిగి చూపు శాశ్వతముగా పోవుటయు కలదు.

ఇంత సులభమైన చికిత్స స్త్రీలకు తక్కువగా అందుచున్నది. వెనుకబడిన దేశములలోని పరిశీలనలను కూర్చి 2002వ సంవత్సరమున ప్రకటించిన లెక్క యొకటి కలదు. పురుషులతో సమానముగా స్త్రీలకును శస్త్రచికిత్స జరిగినచో, ఆ దేశములలో శుక్లమువలని అంధత్వము నూటికి 12 పాళ్లకు పైగా తగ్గునని దానివలన తేలినది. ఇందులకు క్రొత్తమందు అక్కఱలేదు, క్రొత్త యంత్రము అక్కఱలేదు. మగవానికి చేయుచున్నదే ఆడుదానికిని చేసిన చాలును.

స్త్రీలు చికిత్సకు పోకపోవుటకు కారణములు మీ యూరిలోనే విచారించినచో తెలియును. చేతిలో సొంతడబ్బు ఉండదు. ఒంటరిగా బస్సెక్కి పట్టణము పోవు అలవాటుండదు. తోడు పోవలసిన కొడుకునకు కూలి పోవును. తాను లేని దినములలో పొయ్యి వెలిగించువారెవరు, గేదెను పిదుకువారెవరు అను చింత యొకటి. వీటన్నిటికంటె బలమైనది, "ఇంటిపట్టున నుండుదానికి చూపుతో నేమి పని" అను భావము. ఈ మాట ఇతరులే గాక ఆమెయు అనుకొనును. కాని బియ్యములో రాళ్లు ఏరువారెవరు? కాగుచున్న నూనెయొద్ద నుండువారెవరు? పాఱాడు పసిబిడ్డను కనిపెట్టియుండువారెవరు? చీకటిలో పెరటిలోనికి పోయి పామును త్రొక్కకుండ తప్పించుకొనవలసినవారెవరు? చూపులేని అవ్వను చేయిపట్టి నడిపించుటకు మనుమరాలిని బడి మాన్పించు ఇండ్లును కలవు. అట్టి యింట ఒక కంటిజబ్బువలన ఇద్దఱి జీవితములు చెడుచున్నవి.

పొయ్యిపొగ, పొగాకు

కట్టెలు, పిడకలు, పత్తికట్టె, కందికంప మండించిన పొగ కండ్లకు మంట కలిగించును. ఎఱుపు, నీరుకాఱుట కలుగును. ఏండ్ల తరబడి ఈ పొగలో వంటచేయువారికి శుక్లము హెచ్చుగా వచ్చుచున్నదని మనదేశమునను నేపాళమునను జరిగిన పరిశీలనలు తెలుపుచున్నవి. ఈ పొగ ముఖ్యముగా స్త్రీల పాలిటిదే. 2016వ సంవత్సరమున ప్రారంభమైన ఉజ్జ్వల పథకమువలన చాల యిండ్లకు గ్యాసుపొయ్యి వచ్చినది గాని, బండకు డబ్బు చాలక మఱల కట్టెల పొయ్యినే వెలిగించు ఇండ్లును లేకపోలేదు. అట్టివారు పొయ్యిని గాలి వచ్చు వసారాలోనికి మార్చుటయు, పైకి పొగగొట్టము అమర్చుటయు, పచ్చికట్టె వాడక బాగుగా ఎండిన కట్టెనే వాడుటయు మేలు.

పొగాకు త్రాగుటవలనను శుక్లము ముందుగా వచ్చును. ఇది మగవారికే హెచ్చని తలంపవలదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములలో నిప్పును నోటిలో నుంచుకొని అడ్డపొగ త్రాగు స్త్రీలు కలరు. ఆ యలవాటు అంగిటికి పుట్టకురుపు తెచ్చుననుట ప్రసిద్ధమే.

గర్భిణులు, బాలింతలు, రేచీకటి

సంధ్యవేళ గడప కానక తడుముకొను గర్భిణిని చూచి "కడుపుతో నున్నవారికిది మామూలే" అని పెద్దలు చెప్పుదురు. ఇది మామూలు కాదు, ఆహారపు కొఱత. కంటి వెనుక తెఱ మసక వెలుతురున పనిచేయుటకు ఎ విటమిను అను పదార్థము కావలెను. గర్భమునందలి శిశువు తల్లినుండి దానిని తీసికొనుటచేత, ముఖ్యముగా కడపటి మూడు మాసములలో, తల్లికి కొఱవడును. ఇంటిలో అందఱును తిన్నపిమ్మట మిగిలినది తిను ఆచారము ఈ కొఱతను హెచ్చించును.

దీనికి మందు పెరటిలోనే పండించుకొనవచ్చును. మునగచెట్టు ఒకటి, తోటకూర మడి ఒకటి, పాలకూర, పొన్నగంటికూర, గుమ్మడిపాదు ఉన్నచో ఆ యిల్లు రేచీకటికి దూరము. బొప్పాయిపండు, మామిడిపండు, కోడిగ్రుడ్డు, పాలు మంచివి. గర్భిణికి బొప్పాయి పెట్టరాదను పట్టుదల గల యిండ్లలో మునగాకు, తోటకూర పెట్టిన చాలును. ఈ విటమిను కొవ్వులో కఱగునది గనుక ఆకుకూరను కొంచెము నూనెతో వండవలెను. గర్భిణులు వైద్యుని యడుగక ఎ విటమిను మాత్రలు పెద్దమోతాదుగా మ్రింగరాదు. అది శిశువునకు కీడు చేయును. పిల్లలకు మాత్రము 9 మాసములు మొదలు 5 ఏండ్లు నిండువఱకు ఆఱుమాసములకొకమాఱు ప్రభుత్వము వారిచ్చు విటమిను మందును ఆడపిల్ల, మగపిల్లవాడు అను భేదము లేక తప్పక పోయించవలెను. తట్టు పోసిన బిడ్డల కండ్లు ఈ కొఱతచేత నల్లగ్రుడ్డు మెత్తబడి చెడిపోవు ప్రమాదము కలదు.

గర్భిణులకు మఱి రెండు హెచ్చరికలు. నెలలు నిండుచున్నపుడు కండ్లు మసకబాఱుట, మెఱుపులు కనబడుట, తీవ్రమైన తలనొప్పి కలిగినచో రక్తపుపోటు హెచ్చి గుఱ్ఱపువాతము రాబోవుచున్నదేమో యని ఎంచి ఆ క్షణముననే ఆసుపత్రికి చేర్చవలెను. తెల్లవాఱువఱకు ఆగరాదు. మధుమేహము గల స్త్రీ గర్భవతియైనచో కంటి వెనుక తెఱకు కలుగు జబ్బు వేగముగా ముదురవచ్చును గనుక తొలిమాసములలోనే కన్ను పరీక్ష చేయించుకొనవలెను.

బిడ్డనుండి తల్లికి అంటు జబ్బు

ట్రకోమా అను అంటుజబ్బు చిన్నపిల్లల కండ్లలో నివసించును. చేతులు, తువాలు, చీరకొంగు, ఈగల మూలమున ఒకరినుండి యొకరికి వ్యాపించును. పలుమాఱులు అంటినచో రెప్పలోపల మచ్చలుకట్టి రెప్ప లోనికి ముడుచుకొనును. వెండ్రుకలు నల్లగ్రుడ్డుపై రాచుకొని పువ్వు వేయును. బిడ్డలను ఎత్తుకొని ముఖము తుడుచునది తల్లులును అక్కలును గనుక, ఈ జబ్బుచేత చూపు పోవుట పురుషులకంటె స్త్రీలలో నాలుగురెట్లవఱకు హెచ్చని ప్రపంచ ఆరోగ్యసంస్థవారు తెలుపుచున్నారు. సంతోషకరమైన విషయమేమనగా, ప్రజలకు పెద్దబాధగా నుండిన ఈ జబ్బు మనదేశమున తొలగినదని ఆ సంస్థవారే 2024వ సంవత్సరము అక్టోబరు మాసమున ప్రకటించిరి. ఆఫ్రికాఖండమున ఇథియోపియా మున్నగు దేశములలో నింకను కలదు. పిల్లల ముఖములు దినదినము కడుగుట, ఎవరి గుడ్డ వారికే ఉంచుట, ఇంటిచుట్టు పెంట లేకుండ చేయుట అను అలవాటులు మనము విడువరాదు. కండ్లకలక మున్నగు ఇతరపు అంటుజబ్బులకును అవియే కట్టుబాట్లు.

నీటికాసులు

కంటిలోపల నిరంతరము స్వచ్ఛమైన నీరు ఊరుచుండును. అది సన్నని కాలువగుండ వెలుపలికి పోవుచుండును. మడినుండి మురుగునీరు పోవు తూము మూసికొనిపోయినచో మడి యెట్లు నిండి పైరు కుళ్లునో, అట్లే ఈ కాలువ అడ్డుపడినచో కంటిలో ఒత్తిడి హెచ్చి చూపునరము చెడును. ఇదియే నీటికాసులు. దీనిలో కాలువమూల యిఱుకగు తెగ స్త్రీలలో హెచ్చు. వారి కన్ను సాధారణముగా కొంచెము చిన్నది, దాని ముందరిగది లోతు తక్కువైనది. ఇది దేహనిర్మాణమువలన కలుగు భేదము.

కొందఱికి ఆకస్మికముగా కంటినొప్పి, తలనొప్పి, వాంతులు, దీపముచుట్టు రంగుల వలయములు కనబడుట సంభవించును. దీనిని పైత్యపు తలనొప్పి యని యెంచి కషాయములతో కాలము గడుపుట ప్రమాదము. మఱికొందఱికి ఏ బాధయు లేకుండగనే ప్రక్కచూపు క్రమముగా తగ్గిపోవును. శుక్లమువలన పోయిన చూపు తిరిగివచ్చును గాని నీటికాసులవలన పోయిన చూపు తిరిగి రాదు. మిగిలినదానిని నిలుపుకొనుట మాత్రమే సాధ్యము. కావున 40 ఏండ్లు దాటినవారందఱును, ముఖ్యముగా తలిదండ్రులకు గాని తోబుట్టువులకు గాని ఈ జబ్బు వచ్చియున్నవారు, కంటి యొత్తిడిని పరీక్ష చేయించుకొనవలెను.

కండ్లు పొడిబాఱుట

కనుఱెప్పల అంచున సన్నని నూనెగ్రంథులు కలవు. కన్నీటిపై పలుచని నూనెపొర పఱచి అది ఆఱిపోకుండ కాపాడును. ఈ గ్రంథులు పనిచేయుటకు పురుషలక్షణములు కలిగించు గ్రంథిరసములు తోడ్పడును. ఇవి స్త్రీల దేహమునను కొంచెముగా నుండును. వయస్సుతోకూడ తగ్గును. కావున ముట్లుడిగిన స్త్రీలలో కండ్లు పొడిబాఱుట, ఇసుక పడినట్లు గరగరలాడుట, మండుట, దానికి విరుగుడుగా నీరు కాఱుట తఱచు. అంగడిలో దొరకు ఎఱ్ఱకంటి చుక్కలు కొనివేసికొనరాదు. వైద్యుడు కన్నీటికి బదులు వేయు చుక్కలమందు నిచ్చును. కండ్లతోపాటు నోరు ఎండిపోవుట, కీళ్లనొప్పులు ఉన్నచో అది దేహమంతటిని పట్టిన వాతజబ్బు కావచ్చును. అది స్త్రీలలోనే మిక్కిలి హెచ్చు.

మగవారికి హెచ్చగు ప్రమాదములు

ఇంతవఱకు చెప్పినదానినిబట్టి మగవారు నిశ్చింతగా నుండవచ్చునని తలంపరాదు. కంటిదెబ్బలు, నల్లగ్రుడ్డుపై పుండ్లు మగవారికే హెచ్చు. వరికంకి, చెఱకుటాకు, కంపముల్లు, నూర్పిడిలో ఎగురు ఊక, పశువు తోక విసరుట, ఇవన్నియు నల్లగ్రుడ్డును గీయును. ఆ గీత చిన్నదే యైనను పచ్చి ఆకులపైనను మట్టిలోను నుండు బూజు దానిలో దిగి పుండగును. 1990 ప్రాంతపు సంవత్సరములలో మధుర జిల్లాయందు ఏటేట లక్షమందిలో 113 మందికి ఇట్టి పుండ్లు కలుగుచున్నట్లు లెక్కకట్టిరి. కలుపుతీయు స్త్రీలకును నూర్పిడిలో నుండు స్త్రీలకును ఈ ప్రమాదము లేకపోలేదు.

ఇందు కాలమే ముఖ్యము. నేపాళమున భక్తపురమునందు గ్రామకార్యకర్తలచే కంటిగీతలకు మందులేపనము పెట్టించిన ప్రయత్న మొకటి జరిగి 2001లో ప్రకటింపబడినది. దెబ్బతగిలిన 18 గంటలలోపల మందు ప్రారంభించిన 284 మందిలో ఒక్కరికైనను పుండు కాలేదు. ఒక దినము దాటి రెండవదినమున వచ్చిన 49 మందిలో 14 మందికి పుండైనది. కావున కంటికి గీతపడిన రైతు "సాయంకాలమునకు తగ్గును" అని యూరకుండరాదు. ఆకుపసరు, చనుబాలు, ఆముదము పోయరాదు. నాలుకతో నలుసు తీయించుకొనరాదు. మందులఅంగడివాడిచ్చు స్టెరాయిడ్ చుక్కలు వేసికొన్నచో ఎఱుపు తగ్గినట్లు కనబడి లోపల బూజు బలిసి కన్నే పోవును.

పురుగుమందు కంటిలో చిందినచో ఆ క్షణముననే పరిశుభ్రమైన నీటితో రెప్పలు తెఱచి 15 నిమిషములకు తక్కువగాక కడిగి, మందుసీసా చీటితోకూడ ఆసుపత్రికి పోవలెను. మందు చల్లువారు గాలికి ఎదురుగా నిలువరాదు, కంటికి అద్దములు ధరింపవలెను. ఎండలో పనిచేయువారి తెల్లగ్రుడ్డుపై కండ పెరుగుట కలదు. తాటాకు గిడుగు గాని అంచు వెడల్పుగల టోపీ గాని పెట్టుకొన్నచో కొంత కాపుదల.

కల్తీసారా సంగతియు చెప్పవలెను. దానిలో కలియు మిథైల్ ఆల్కహాలు అను విషము చూపునరమును కాల్చివేయును. ఒక్కరాత్రిలో చూపు పోయినవారును, ప్రాణములే పోయినవారును కలరు. వీరిలో మిక్కుటముగా నుండువారు మగవారే.

రంగులు గుర్తింపలేకపోవుట

కొందఱు మగవారికి ఎఱుపునకును పచ్చకును భేదము తెలియదు. పండుమిరప, పచ్చిమిరప ఏరుటలో గాని, పంటతెగుళ్ల రంగుమచ్చలు గుర్తించుటలో గాని వీరు తడబడుదురు. ఐరోపావారిలో నూర్గురు మగవారికి ఎనమండ్రు ఇట్టివారు, స్త్రీలలో ఇన్నూర్గురకు ఒక్కరు. కారణము విత్తనమునందున్నది. ఈ రంగులను గుర్తించు గుణము ఎక్స్ అను క్రోమోజోముపై నుండును. స్త్రీకి అవి రెండు గనుక ఒకటి చెడినను రెండవది కాపాడును. పురుషునకు ఒక్కటే. అది చెడినచో ఆదుకొనునది లేదు. తల్లి తాను బాధపడకయే కుమారునకు ఈ లోపము నందించును. ఇందులకు ఆమెను నిందింపరాదు. ఇది జబ్బు కాదు, చికిత్స లేదు. పిల్లవాడు రంగులు తప్పుచెప్పుచున్నచో మందబుద్ధి యని కొట్టరాదు.

చత్వారము

40 ఏండ్లు దాటిన రైతునకు పైరుతెగులు చూపుటకు ఆకును చేతికిచ్చినచో చేయి బాఱచాచి దూరముగా పట్టుకొనును. ఇదియే చత్వారము. స్త్రీలకును మగవారితోపాటు వచ్చును గాని కండ్లజోడు కొనుట మగవాని హక్కుగా నున్నది. లెక్కలు వ్రాయువానికి జోడు కావలెనని అందఱును ఒప్పుకొందురు. సూదిలో దారమెక్కించుదానికి, పప్పులో పుల్లలేరుదానికి, పత్తితీయుదానికి కావలెనని తోచదు. అస్సాము తేయాకు తోటలలో 40 ఏండ్లు దాటిన 751 మంది కూలీలపై జరిగిన ప్రయత్నఫలితములు 2018లో ప్రకటింపబడినవి. దగ్గరచూపునకు జోడు పొందినవారి కోత, పొందనివారి కోతకంటె నూటికి 21 పాళ్లకు పైగా హెచ్చినది. ఎఱువు వేయక, నీరు హెచ్చు పెట్టక, జోడుమాత్రముచేత ఇంత లాభము! పొలమున చేయు ఏ ఖర్చు ఇంత చౌకగా ఇంత ఫలమిచ్చునో సభ్యులే ఆలోచింపవలెను.

సంఘములు చేయదగిన పని

ఈ విషయమున ఒంటరి కుటుంబమునకు కష్టమైన పని సంఘమునకు సులభము. విత్తనములు, ఎఱువులు కలిసి తెప్పించుకొనుచున్న సభ్యులు ఈ క్రింది పనులు చేయవచ్చును.

1. ప్రతి సభ్యుని ఇంటిలో 40 ఏండ్లు దాటినవారి పేర్లు, ఆడువారివి వేఱుగా, మగవారివి వేఱుగా పట్టీ వ్రాయవలెను. ఒక్కొక్క కన్ను మూసి 20 అడుగుల దూరమున చూపిన వ్రేళ్లు లెక్కింపుమని అడుగవలెను. లెక్కింపలేనివారు ఆసుపత్రికి పోవలసినవారు. ఆశా కార్యకర్త ఇందులకు తోడ్పడగలదు. లెక్కింపగలిగినవారికి జబ్బు లేదని మాత్రము అర్థము కాదు.

2. కంటిశిబిరమునకు తేదీ నిర్ణయించునపుడు నాట్లు, కోతలు లేని దినములను చూడవలెను. ప్రభుత్వము వారు తెలంగాణమున 2018 ఆగష్టులోను, ఆంధ్రప్రదేశమున 2019 అక్టోబరులోను కంటివెలుగు పేర గ్రామపరీక్షలు ప్రారంభించినపుడు వైద్యులు ఊరికే వచ్చిరి. ఇట్టి యవకాశము మఱల వచ్చునపుడు ముందుగా స్త్రీలపట్టీ చేతనుండవలెను. శిబిరమునకు వచ్చినవారిలో స్త్రీలెందఱో, శస్త్రచికిత్సకు పోయినవారిలో స్త్రీలెందఱో లెక్కచూడవలెను. ఈ రెండు లెక్కలకు భేదమున్నచో కారణము విచారింపవలెను.

3. నలుగురైదుగురు స్త్రీలను కలిపి ఒకే బండిలో పంపినచో తోడు సమస్య తీఱును. వారు తిరిగి వచ్చువఱకు గేదెల పాలు, పిల్లల భోజనము ఇరుగుపొరుగువారు పంచుకొనవలెను.

4. శస్త్రచికిత్స ప్రభుత్వాసుపత్రులలోను అనేక ధర్మాసుపత్రులలోను ఉచితముగా దొరకినను, దారిఖర్చు, కూలినష్టము మిగులును. సంఘపు లాభములలో మేలుపనులకు తీసిన మొత్తమునుండి దీనికి చిన్న అప్పు ఇచ్చుటకు తీర్మానము చేయవచ్చును. అప్పు స్త్రీపేరనే వ్రాయుట మంచిది.

5. సంఘపు దుకాణమున పురుగుమందులతోపాటు కంటి అద్దములను, వైద్యుడు వ్రాసియిచ్చిన చత్వారపు జోళ్లను అమ్మవలెను.

6. శుక్లము తీయించుకొని చూపు పొందిన స్త్రీచేత ఇతర స్త్రీలకు చెప్పించవలెను. వైద్యుని మాటకంటెను, నావంటివాని వ్యాసముకంటెను పొరుగింటి అవ్వ మాట వారికి హెచ్చు నమ్మకము.

సభ్యులారా! మన సంఘపు నియమము ఒక సభ్యునకు ఒక ఓటు. ధనికుడని హెచ్చు లేదు, పేదయని తక్కువ లేదు. కండ్ల విషయమునను అదే నియమము చెల్లవలెను. ఈ మాసపు సంఘసభకు వచ్చునపుడు ప్రతి సభ్యుడును తన యింటిలోని స్త్రీలలో ఎందఱికి కన్ను పరీక్ష జరిగినదో తెలిసికొని రావలెను. ఆ లెక్క మినిట్సు పుస్తకమున వ్రాయించి, వచ్చే సంవత్సరము ఇదే మాసమున మఱల చూచుకొన్నచో మన పని యెంతవఱకు జరిగినదో తేటపడును.